తీయకుండా వదిలేసిన బారికేడ్: కెర్నల్ టెస్టు స్క్రిప్టుల్లో క్లీనప్ బగ్గులు

విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఊరంతా మూడులాంతర్ల దగ్గరే ఉంటుంది. జనాన్ని ఆపడానికి సందుసందుకీ బారికేడ్లు కడతారు. బుధవారం పొద్దున్నకల్లా అవన్నీ తీసెయ్యాలి. ఒక్క సందు మొదట్లో తీయడం మర్చిపోయారనుకుందాం. స్కూలు బస్సు అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది, పిల్లలు లేటుగా చేరతారు. స్కూలువాళ్లు ఎవర్ని నిలదీస్తారు? డ్రైవర్ని. "నానేటి సేసినాను బాబూ" అంటాడతను. నిజంగానే అతను ఏమీ చెయ్యలేదు. తప్పు నిన్నటి పండగది, చీవాట్లు ఇవాళ్టి బస్సుకి.

కెర్నల్ అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ. దాని టెస్టు స్క్రిప్టుల్లో క్లీనప్ బగ్ ఇలాంటిదే. ఒక టెస్టు తన పని కోసం సిస్టమ్‌లో ఏవేవో కడుతుంది, కొన్ని సెట్టింగులు మారుస్తుంది, వెళ్లేటప్పుడు వాటిని విప్పకుండా వెళ్లిపోతుంది. ఆ తర్వాత నడిచిన టెస్టు ఫెయిలవుతుంది. ఫెయిలైనదాన్ని పట్టుకుని గంటల తరబడి చూసినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు అందులో లేదు. విడిగా నడిపితే పాస్, అన్నిటితో కలిపి నడిపితే ఫెయిల్. అలాంటివాటికి "ఫ్లేకీ టెస్టు" అని పేరు పెట్టేసి పక్కన పెడతారు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. నిజంగా కెర్నల్ పాడైన రోజున కూడా "అదెప్పుడూ అంతేలే" అని దాటేస్తారు.

ఈ టెస్టులు కెర్నల్ సోర్సుతోపాటే వస్తాయి. టూల్స్ ఫోల్డర్‌లో టెస్టింగ్, దాని కింద సెల్ఫ్‌టెస్ట్స్. మొత్తానికి కెసెల్ఫ్‌టెస్ట్ అని పేరు, షువా ఖాన్ మెయింటెయినర్. నెట్‌వర్క్‌కి ఒక ఫోల్డర్, మెమరీకి ఒకటి, ట్రేసింగ్‌కి ఒకటి, ఇలా పోతుంది. కొన్ని సి ప్రోగ్రాములు, చాలా షెల్ స్క్రిప్టులు. రన్నర్ వాటిని వరసగా నడుపుతుంది. స్క్రిప్టు 0తో బయటికొస్తే పాస్, 1 అయితే ఫెయిల్, 4 అయితే స్కిప్. ఒక్కో టెస్టుకి మామూలుగా 45 సెకన్ల గడువు. ఎక్కువ కావాలంటే ఆ ఫోల్డర్‌లోనే సెట్టింగ్స్ అనే ఫైల్లో రాసుకోవాలి. వీటిలో చాలావాటికి రూట్ అధికారం కావాలి, అంటే చెయ్యి జారితే ఆపేవాళ్లుండరు.

విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడలోనో, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో సీఎస్ఈ చదువుతూ కెర్నల్‌కి ఒక్క ప్యాచ్, అంటే కోడ్ సవరణ, పంపాలని ఉబలాటపడేవాళ్లకి ఎక్కువగా దొరికే సలహా "కామెంట్లలో స్పెల్లింగ్ తప్పులు దిద్దు" అని. దానికన్నా క్లీనప్ బగ్గు వెతకడం చాలా మేలు. ఖరీదైన హార్డ్‌వేర్ అక్కర్లేదు, కెర్నల్ లోపలి మెమరీ మేనేజ్‌మెంట్ అంతా తెలిసి ఉండక్కర్లేదు, షెల్ బాగా వస్తే చాలు. అయితే ఆ "బాగా" అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఐదు లైన్ల పనిలా కనబడే ఈ మరమ్మతులో కాలు జారే చోట్లు చాలా ఉన్నాయి.

ముందుగా ఒక అభ్యంతరం వినబడుతుంది. కెర్నల్ టెస్టులు ఎలాగూ వర్చువల్ మెషీన్‌లోనే నడుపుతారు కదా, వర్ట్‌మీ-ఎన్‌జీ లాంటి టూలుతో కొత్తగా కంపైల్ చేసిన కెర్నల్‌ను ల్యాప్‌టాప్‌లోనే లేపి, పని అయ్యాక పారెయ్యొచ్చు కదా, ఇక ఊడ్చడం ఎందుకు? మెషీన్‌ను పారేసేది చివర్లో. అప్పటిదాకా ఒకే బూటులో పదులకొద్దీ టెస్టులు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. ఒక్కో టెస్టుకీ ఒక్కో మెషీన్ లేపితే సాయంత్రానికి అయ్యేది తెల్లారేదాకా సాగుతుంది. పైగా అందరూ వర్చువల్ మెషీన్‌లో నడపరు. నెట్‌వర్క్ కార్డు లాంటి అసలు హార్డ్‌వేర్‌ని పరీక్షించేవాళ్లు అసలు మెషీన్ మీదే నడపాలి.

వదిలేసిపోయే సామాను రకరకాలు. మెమరీ టెస్టు ఒకటి 512 హ్యూజ్ పేజీలు, అంటే మెమరీలో పెద్ద ముక్కలు, కావాలని కెర్నల్‌ను అడిగి, పాత సంఖ్య తిరిగి పెట్టకుండా పోయిందనుకుందాం. మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఒక్కో పేజీ 2 ఎంబీ, మొత్తం 1 జీబీ. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో అంత మెమరీ తాళం వేసిన గదిలా ఉండిపోతుంది, బ్రౌజర్ ఎందుకు ఈడుస్తోందో తెలీక తల పట్టుకోవాలి. సీపీయూలను ఆఫ్, ఆన్ చేసి చూసే టెస్టు మధ్యలో చచ్చిపోతే నాలుగు కోర్ల మెషీన్ మూడు కోర్లతో నడుస్తుంటుంది, ఎవరూ గమనించరు. ట్రేసింగ్ టెస్టు పెట్టిన కేప్రోబ్ (కెర్నల్ లోపల ఏం జరుగుతోందో కనిపెట్టే నిఘా) తీయకపోతే తర్వాతి టెస్టు ఈవెంట్లు లెక్కపెట్టుకుని ఒకటి ఎక్కువొచ్చిందని గోల పెడుతుంది. లూప్ డివైసులు (డిస్కులా వాడుకునే ఫైళ్లు), మౌంట్లు, సీగ్రూపులు (ప్రాసెస్‌లను గుంపుగా కట్టి హద్దు పెట్టేవి), ఐపీ ఫార్వర్డింగ్ (ఒక నెట్‌వర్క్ నుంచి వచ్చిన ప్యాకెట్లను ఇంకోదానికి పంపడం) లాంటి సెట్టింగులు, కెర్నల్‌కి అదనంగా లోడ్ చేసి వదిలేసిన మాడ్యూళ్లు కూడా ఇదే కోవ.

ఒక స్క్రిప్టును దగ్గరగా చూడాలి. ఫలానా అని పేరున్నది కాదు, ఇలాంటి స్క్రిప్టుల్లో తరచూ కనబడే అలవాట్లన్నీ కలిపి అల్లింది. ఓ నలభై లైన్లు. మొదట రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేసులు చేస్తుంది, ఒకదాని పేరు క్లయింట్, ఇంకోదాని పేరు సర్వర్. నేమ్‌స్పేస్ అంటే ఒకే కెర్నల్ లోపల వేరు కాపురం లాంటిది. దాని ఇంటర్‌ఫేసులు దానివి, రూటింగ్ టేబుల్ దానిది. రెండు కాపురాల మధ్య వీఈత్ జత, అంటే రెండు కొసలున్న ఒక వైరు. ఒక కొసను తీసేస్తే రెండోదీ పోతుంది. సర్వర్ వైపు చిన్న ప్రోగ్రామ్ ఒకటి బ్యాక్‌గ్రౌండ్‌లో వింటూ ఉంటుంది. క్లయింట్ నుంచి పింగ్ కొడతారు. జవాబు రాకపోతే ఫెయిల్ అని రాసి ఎగ్జిట్ 1. వస్తే ఇంకో రెండు తనిఖీలు. అన్నీ అయ్యాక ఆఖరి మూడు లైన్లలో ఆ ప్రోగ్రామ్‌ను చంపి, రెండు నేమ్‌స్పేసులనూ డిలీట్ చేస్తారు.

పింగ్‌కి జవాబొచ్చినన్నాళ్లూ ఈ స్క్రిప్టుకి వంక పెట్టలేం. జవాబు రాని రోజున ఎగ్జిట్ 1 దగ్గరే ఆగిపోతుంది, ఆ మూడు లైన్ల దాకా పోదు. రెండోసారి నడిపితే మొదటి కమాండే "ఫైల్ ఎగ్జిస్ట్స్" అంటుంది, క్లయింట్ అనే పేరు ఇంకా అక్కడే ఉంది కాబట్టి. ఆ తప్పును ఖాతరు చేయకుండా స్క్రిప్టు ముందుకెళ్తే మరీ ఘోరం. పాత నేమ్‌స్పేసులో, పాత అడ్రసుల మీద కొత్త టెస్టు నడుస్తుంది. అది పాసయినా ఫెయిలైనా ఆ ఫలితానికి అర్థం లేదు.

ఇక్కడ చిక్కు ఒకటే. క్లీనప్ లైన్లు అంతా బాగున్న దారి చివర రాసి ఉంటాయి, వాటి అవసరం పడేది బాగోలేని దారిలో. రాసినవాళ్లు తమ దగ్గర పాసయ్యాకే స్క్రిప్టును పంపారు. అంటే ఫెయిలయ్యే దారిలో వాళ్లు కూడా ఒక్కసారి నడిచి చూడలేదన్నమాట. స్క్రిప్టులో ఎవరూ పరీక్షించని భాగం ఏదైనా ఉందంటే అది ఇదే.

మొదటి మందు అందరికీ తెలిసిందే, ట్రాప్. విప్పే పనంతా క్లీనప్ అనే ఫంక్షన్‌లో పెట్టి, స్క్రిప్టు ఎలా ముగిసినా దాన్ని నడపమని షెల్‌కి ముందే చెప్పి ఉంచడం. చాలా ప్యాచులు ఇక్కడితో ఆగిపోతాయి, సగం రోగం అలాగే ఉండిపోతుంది.

ట్రాప్ పెట్టే చోటు ముఖ్యం. కట్టడం అంతా అయ్యాక ట్రాప్ పెట్టేవాళ్లు ఎక్కువ. వీఈత్ జత కట్టేటప్పుడే దెబ్బతింటే ట్రాప్ ఇంకా పుట్టలేదు, అప్పటికే చేసిన నేమ్‌స్పేసులు అలాగే ఉంటాయి. కట్టడానికి ముందే పెట్టాలి. అలా పెడితే ఇంకో మెలిక వస్తుంది. ఇంకా కట్టనివాటిని కూడా విప్పబోతుంది కాబట్టి ఒక్కో లైను తప్పు చూపిస్తుంది. స్క్రిప్టు పైన సెట్ మైనస్-ఇ ఉంటే, అంటే ఏ కమాండ్ ఫెయిలైనా అక్కడే ఆగిపోమని చెప్పి ఉంటే, క్లీనప్‌లో మొదటి డిలీట్ ఫెయిలవగానే మిగతావి నడవవు. సగం కట్టిన ఇంటిని కూడా పూర్తిగా విప్పగలగాలి. అందుకని క్లీనప్‌లో ప్రతి లైనూ తనమటుకు తాను నడవాలి, పక్కది పడిపోయినా సరే. ఫోల్డర్ పేరు ఉన్న వేరియబుల్ ఖాళీగా ఉన్నప్పుడు "ఆ ఫోల్డర్ కింద ఉన్నవన్నీ తీసెయ్" అంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పేరు ఖాళీ, మిగిలింది స్లాష్, నడుపుతున్నది రూట్. వేరియబుల్ ఖాళీ కాదని చూసుకున్నాకే ఆ లైను నడవాలి.

అన్నిటికన్నా చెడ్డది ఎగ్జిట్ 0. క్లీనప్ ఫంక్షన్ చివర "పని శుభ్రంగా అయింది" అన్న ఉద్దేశంతో ఎవరో ఎగ్జిట్ 0 అని రాస్తారు. పింగ్ ఫెయిలై స్క్రిప్టు 1తో బయటికి పోబోతుంది, దారిలో ట్రాప్ నడుస్తుంది, క్లీనప్ 0 అంటుంది. రన్నర్‌కి అందేది 0. తెర మీద ఫెయిల్ అని స్పష్టంగా రాసి ఉన్నా లెక్కల్లో పాస్. ఊడ్చకుండా పోయిన టెస్టు కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే దీన్ని ఎవరూ వెతకరు. క్లీనప్‌లో ఎగ్జిట్ అనే మాటే రాయకపోతే బ్యాష్ పాత ఫలితాన్నే నిలబెడుతుంది. రాయాల్సి వస్తే ఫంక్షన్ మొదటి లైనులోనే ఆ ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుని, చివర దాన్నే తిరిగివ్వాలి. మొదటి లైనులోనే అని ఎందుకంటే, మధ్యలో ఒక్క ఎకో నడిచినా పాత ఫలితం చెరిగిపోతుంది. ఇంకో చిన్న సంగతి, ఎగ్జిట్‌కి రెండో ట్రాప్ పెడితే మొదటిది పోతుంది, రెండూ కలవవు. లైబ్రరీ ఫైల్లో ఒకటి, స్క్రిప్టులో ఒకటి పెట్టిన చోట్ల ఈ బగ్ దాక్కుంటుంది.

బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రామ్ దగ్గర వచ్చే తంటా వేరు. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఫంక్షన్‌ను డాలర్-బ్రాకెట్ల మధ్య పిలిస్తే అది పిల్ల షెల్‌లో నడుస్తుంది. అక్కడ దాచిన ప్రాసెస్ నంబరు తల్లి షెల్‌కి చేరదు. క్లీనప్ వంతు వచ్చేసరికి ఆ వేరియబుల్ ఖాళీ. కిల్ కమాండ్ ఎవర్నీ చంపదు. నేమ్‌స్పేస్ డిలీట్ మాత్రం సక్సెస్ అంటుంది. నిజానికి ఆ డిలీట్ తీసేది పేరును మాత్రమే. లోపల ఒక ప్రాసెస్ బతికున్నంతకాలం నేమ్‌స్పేస్ బతికే ఉంటుంది, పేరు లేకుండా. ఐపీ కమాండ్ చూపించే జాబితాలో కనబడదు, ఎల్ఎస్ఎన్ఎస్ కొడితే కనబడుతుంది. ఇంటి బోర్డు పీకేసినంత మాత్రాన ఇంట్లోవాళ్లు ఖాళీ చేసినట్టు కాదు.

అందుకే వరస కావాలి. షామియానా విప్పేవాళ్లు ముందు గుడ్డ దింపుతారు, తాళ్లు విప్పుతారు, ఆఖర్న రాటలు పీకుతారు. రాట ముందు పీకితే అంతా నెత్తిన పడుతుంది. ఇక్కడా అంతే. కట్టిన వరసకి తిరుగు వరసలో విప్పాలి. ముందు ప్రోగ్రామ్‌ను చంపి, అది నిజంగా పోయేదాకా వెయిట్ కమాండ్‌తో ఆగి, ఆపైన నేమ్‌స్పేస్. సీగ్రూపులోనూ ఇదే కథ. లోపల ప్రాసెస్ ఉండగా ఫోల్డర్ తీయబోతే "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంటుంది. కేప్రోబ్ ఈవెంటును ముందు డిసేబుల్ చేయకుండా జాబితా చెరపబోయినా అదే మాట.

తిరుగు వరస పాటించినా ఒక్కోసారి కెర్నలే నెమ్మదిగా కదులుతుంది. నేమ్‌స్పేస్ డిలీట్ కమాండ్ వెంటనే తిరిగొచ్చేస్తుంది, లోపలి సామాను సర్దే పని కెర్నల్ వెనకాల వర్క్‌క్యూలో తీరిగ్గా చేసుకుంటుంది. ఈలోగా ఆ నేమ్‌స్పేస్ వాడుకున్న మాడ్యూల్‌ను తీయబోతే "ఇంకా వాడకంలో ఉంది" అని ఎదురుజవాబు వస్తుంది. ఇలాంటి చోట స్లీప్ 1 అని రాసి చేతులు దులుపుకోవడం రివాజు. అది మందు కాదు, కట్టు. డీబగ్ ఆప్షన్లన్నీ ఆన్ చేసిన కెర్నల్ మీద, లోడ్ ఎక్కువున్న సర్వర్ మీద ఆ ఒక్క సెకను చాలదు. వేగమైన మెషీన్ మీద ప్రతిసారీ ఒక సెకను దండగ. కావలసిన స్థితి వచ్చిందా అని మళ్లీమళ్లీ అడుగుతూ, ఒక గరిష్ఠ గడువు పెట్టుకుని ఆగడమే దారి. నెట్‌వర్క్ టెస్టుల ఉమ్మడి లైబ్రరీలో దీనికి బిజీవెయిట్ అనే ఫంక్షన్ సిద్ధంగా ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే కొత్తది రాసుకుంటారు.

క్లీనప్ తక్కువ చేయడం ఎంత తప్పో ఎక్కువ చేయడమూ అంతే తప్పు. టెంటు హౌస్ వాళ్లు తమ గుండిగలతోపాటు పక్కింటివాళ్ల గుండిగను కూడా ఆటోలో ఎక్కించుకుపోతే ఊరుకుంటామా? స్క్రిప్టులు ఆ పని చేస్తుంటాయి. మాడ్యూల్ ముందునుంచే లోడై ఉంటుంది, టెస్టు వచ్చి వాడుకుంటుంది, పోతూపోతూ దాన్ని తీసేస్తుంది. ఐపీ ఫార్వర్డింగ్ ముందు 1 ఉంటే, టెస్టు కూడా 1 పెట్టి, చివర 0 చేస్తుంది. ఆ ల్యాప్‌టాప్ మీద నడుస్తున్న కంటైనర్లకి నెట్ పోతుంది. పాత విలువ చదివి దాచుకుని అదే తిరిగి పెట్టాలి, డిఫాల్ట్ ఇదేలే అనుకోకూడదు. రూట్ కాదు కాబట్టి టెస్టు స్కిప్ అని 4తో బయటికి పోయేటప్పుడు కూడా ట్రాప్ నడుస్తుందని మర్చిపోతారు. ఏమీ కట్టకుండానే ఏవేవో విప్పడం మొదలవుతుంది.

పేర్ల గొడవ దీనికి దగ్గరి చుట్టమే. సర్వర్, క్లయింట్, ఎన్ఎస్1 లాంటి పేర్లు ఎవరైనా పెట్టుకుంటారు. రెండు స్క్రిప్టులు ఒకేసారి నడిస్తే ఒకదాని క్లీనప్ రెండోదాని కొంప ముంచుతుంది. ఉమ్మడి లైబ్రరీలోని సెటప్-ఎన్ఎస్ ఫంక్షన్ ప్రతి నేమ్‌స్పేస్ పేరుకీ చివర తోచిన అక్షరాలు తగిలిస్తుంది, చేసినవాటి జాబితా తనే పెట్టుకుంటుంది. ఇవాళ కొత్త నెట్‌వర్క్ టెస్టు రాస్తూ పేర్లను చేత్తో పెట్టుకోవడానికి సాకు లేదు.

ట్రాప్‌కి అందని చావు ఒకటుంది. సిగ్‌కిల్, అంటే ప్రాసెస్‌ను ఉన్నపళంగా చంపేసే సిగ్నల్, వస్తే షెల్‌కి నోరు తెరిచే వ్యవధి కూడా ఉండదు. మర్యాదగా ముగించమని అడిగే టర్మ్ సిగ్నల్‌కి ట్రాప్ పెట్టుకున్న బ్యాష్ కూడా, ముందు నడుస్తున్న కమాండ్ ముగిసేదాకా ఆ ట్రాప్‌ను నడపదు. ఆ కమాండే ఇరుక్కుపోయి ఉంటే ఓపిక నశించి పైనుంచి సిగ్‌కిల్ వచ్చేస్తుంది. ల్యాబులో యూపీఎస్ చేతులెత్తేసి కరెంటు పోయినప్పుడు మాత్రం విచిత్రంగా మేలే జరుగుతుంది. నేమ్‌స్పేసులు, హ్యూజ్ పేజీలు, కేప్రోబ్‌లు అన్నీ కెర్నల్ మెమరీలోవి, మెషీన్‌తోపాటే పోతాయి. మిగిలేవి డిస్క్ మీది ఇమేజ్ ఫైళ్లే.

మరమ్మతు అయిందని ఎలా తెలుస్తుంది? స్క్రిప్టును వరసగా రెండుసార్లు నడపడం అన్నిటికన్నా చవకైన పరీక్ష, సగం బగ్గులు అక్కడే దొరుకుతాయి. దానిపైన, నడపకముందు నేమ్‌స్పేసులు, ఇంటర్‌ఫేసులు, మౌంట్లు, మాడ్యూళ్ల జాబితాలు ఫైల్లో రాసుకుని, నడిపాక మళ్లీ రాసుకుని, రెండిటికీ తేడా చూపించే డిఫ్ కొట్టాలి. ఖాళీగా రావాలి. తర్వాత స్క్రిప్టును కావాలని చెడగొట్టాలి. మొదటి నేమ్‌స్పేస్ చేశాక ఒక ఎగ్జిట్ 1 ఇరికించి నడపాలి, వీఈత్ కట్టాక ఇంకోటి, ప్రోగ్రామ్ మొదలయ్యాక ఇంకోటి. ఒకసారి మధ్యలో కంట్రోల్-సి. ప్రతిసారీ డిఫ్ ఖాళీగా రావాలి, బయటికొచ్చే ఫలితం 1గానే ఉండాలి. విసుగు పుట్టే పనే. రాసినవాళ్లు నడవని దారి ఇదే కాబట్టి మరమ్మతు చేసేవాళ్లయినా నడవాలి.

ప్యాచ్‌తో రాసే మాటల్లో ఏ కమాండ్ ఎక్కడ ఫెయిలైతే ఏది మిగిలిపోతోందో, దానివల్ల ఏ టెస్టు తర్వాత దెబ్బతింటోందో చెప్పాలి. "క్లీనప్ మెరుగుపరిచాను" అంటే ఎవరికీ ఏమీ తెలీదు. బగ్గు ఏ కమిట్‌తో, అంటే కోడ్‌లో చేర్చిన ఏ మార్పుతో, వచ్చిందో వెతికి, దాని గుర్తింపు కోడ్ అయిన హ్యాష్‌లో మొదటి 12 అక్షరాలు, శీర్షిక ఫిక్సెస్ అనే లైనులో రాయాలి. పాత స్థిర వెర్షన్లకి ఈ మరమ్మతు చేరాలా వద్దా అని చూసేవాళ్లకి ఆ లైను ఆధారం.

అన్నీ సరిగ్గా చేశాక కూడా ఒక ఆశ్చర్యం ఎదురుకావచ్చు. క్లీనప్ బాగుపడిన మర్నాడు, అప్పటిదాకా పాసవుతున్న వేరే టెస్టు ఫెయిలవడం మొదలవుతుంది. విప్పి చూస్తే దానికి ఐపీ ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉండాలి, కానీ అది ఎన్నడూ ఆన్ చేసుకోలేదు. మొదటి టెస్టు తీయకుండా పోయిన 1 మీదే ఇన్నాళ్లూ బతికింది. కొత్త ప్యాచే చెడగొట్టిందని రివ్యూలో మాట పడుతుంది, పైకి చూస్తే అలాగే కనబడుతుంది కూడా. అప్పుడు పంపాల్సింది రెండు ప్యాచుల సిరీస్. మొదటిదాంట్లో ఆ రెండో టెస్టు తన ఫార్వర్డింగ్ తనే ఆన్ చేసుకుని, పాత విలువ తిరిగి పెట్టాలి. రెండోదాంట్లో అసలు క్లీనప్ మరమ్మతు. ఈ వరస తారుమారైతే రెండు కమిట్ల మధ్య ఒక చోట టెస్టు విరిగి ఉంటుంది, ఏడాది తర్వాత ఇంకేదో బగ్ కోసం బైసెక్ట్ చేసేవాళ్లు, అంటే కమిట్లను సగాలు చేసుకుంటూ తప్పు పుట్టిన చోటు వెతికేవాళ్లు, సరిగ్గా అక్కడికే వచ్చి ఆగుతారు.